మంచాల బరువులెత్తువారి ప్రణాళిక

మా యూరు మంచాలలో వడ్ల కాంటా జరుగు దినములలో హమాలీలు పనిచేయు విధమును ఒక గడియసేపు నిలిచి చూచినవారికి, మేము చెప్పబోవు దానిలో సగము ముందే తెలిసియుండును. 40 కిలోల బస్తాను ఇద్దరు చెరియొక కొస పట్టి లేపి మూడవవాని వీపునకు చేర్తురు; వాడు "ఆఁ" అనువరకు చేతులు విడువరు; దానిని అందుకొనుటకు లారీపై మరియొకడు కాచుకొనియుండును. తోడు పట్టించుకొనుట తన బలమునకు కొరతయని వారిలో ఒక్కడైనను తలంచుట మేమెరుగము. అట్టి యూరి బిడ్డలమైన మేము, జిమ్ములో అడుగిడినంతనే, లేవని బరువు క్రింద ఒంటరిగా పెనగులాడుటయే పౌరుషమని భ్రమించితిమి. ఆ భ్రమను విడిచితిమని ఇందుమూలమున ప్రకటించుచున్నాము.

లేవకపోయినచో ఆ బరువు ఎక్కడ ఆగునో, ఎవరు పట్టుదురో నిశ్చయించుకొననిదే మాలో ఎవ్వరును రాడ్‌పై చేయి వేయరాదు. తక్కిన నియమములన్నియు దీనినుండి పుట్టినవే. స్క్వాట్ చేయువాడు తాను పూర్తిగా దిగినపుడు రాడ్ ఉండు ఎత్తునకు కొంచెము దిగువగా సేఫ్టీ కడ్డీలను అమర్చి, ఉత్త రాడ్‌తో ఒకమారు దిగి సరిచూచుకొనవలెను. బెంచిపై ఒంటరిగా చేయువాడు రాడ్ కొసలకు క్లిప్పులు పెట్టరాదు. గత వేసవిలో మాలో ఒకడు (పేరు చెప్పిన నొచ్చుకొనును) ఎవరును లేని మధ్యాహ్నవేళ 80 కిలోలు రొమ్ముపైకి దింపి, లేపలేక, క్లిప్పులు బిగించియుండుటచే ప్రక్కకు వంచి ప్లేట్లు జార్చుటకును వీలుగాక, తుదకు రాడ్‌ను పొట్టమీదుగా తొడలవరకు దొర్లించుకొని బయటపడెను. రాడ్ గరుకుకు చర్మముపై పడిన ఎర్రని చార పది దినములు మానలేదు. బొటనవ్రేలు చుట్టక రాడ్ పట్టుట మాలో పూర్తిగా నిషిద్ధము.

"అన్నా, జర సపోర్ట్ పట్టు" అని పిలిచినంతనే తోడు దొరికినట్లు కాదు. "ఎన్ని కొడ్తవ్ తమ్మీ?" "మూడు. నేను అనేదాక ముట్టకు" అను మాట ముందే జరుగవలెను. ఫోను చేతబట్టి వీడియో తీయువాడు తోడు కాజాలడు. మనుష్యుడున్నాడని సేఫ్టీ కడ్డీలు తీసివేయుటయు తగదు. 2023 జూలైలో ఇండోనేషియాలోని బాలి ద్వీపమున 210 కిలోలతోను, 2025 ఫిబ్రవరిలో రాజస్థాన్‌లోని బికనీర్‌లో 270 కిలోలతోను స్క్వాట్ చేయుచు, రాడ్ మెడపై బడి ఇద్దరు మరణించిరి. రెండు చోట్లను దాపున మనుష్యులుండిరి.

లేపలేకపోయినవానిని చూచి మేము నవ్వము. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లేశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, వెరసి 240 కిలోలెత్తి, చివరి యత్నమున స్వర్ణమునకై 137.5 కిలోలు తలపెట్టి లేపలేకపోయెను. అయినను కాంస్యపతకము ఆమెదే. ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారతీయ మహిళయు ఆమెయే. లేవని రాడ్‌ను విడిచి తప్పుకొనుట అంతటివారి శిక్షణలో ఒక భాగము. మనవారు మాత్రము ఎత్తుట ఒక్కటే నేర్చి, విడుచుట నామోషీ యనుకొందురు.

నడుము బెల్టు గూర్చి తగవులాడము. వెన్ను వంగకుండ లేపుట నేర్చిన పిదప ఎవరి యిష్టము వారిది. రక్తపోటు, గుండెజబ్బు గలవారు వైద్యుని అడుగక మ్యాక్స్ (తమ గరిష్ఠ బరువు) తలపెట్టరాదు, ఏలయన ఊపిరి బిగబట్టి బరువెత్తునపుడు రక్తపోటు ఒక్కసారిగా మిక్కిలి పెరుగును.

మాతో చేరదలచిన తమ్ముళ్లును చెల్లెండ్రును సాయంకాలము రండు. మొదటి వారము ప్లేట్లు వేయనీయము. ఉత్త రాడ్ బరువే 20 కిలోలు.