కౌంటీ అంటే పన్ను బిల్లేనా?

మొన్న శనివారం లాస్ ఏంజెలెస్‌లో ఒక మిత్రుడి ఇంట్లో పాట్‌లక్. పులిహోర పళ్ళేలు పట్టుకుని కూర్చోగానే కబుర్లు మన ఊరి రాజకీయాల మీదకి మళ్ళాయి. ఏ నియోజకవర్గంలో ఎవరు నెగ్గారు, ఎంత మెజారిటీ, ఎవరు ఏ పార్టీలోకి దూకారు, అన్నీ అందరికీ కంఠతా వచ్చు. "సరే, ఇక్కడ మన కౌంటీ సూపర్‌వైజర్ పేరు చెప్పండి చూద్దాం" అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒకాయన "కౌంటీ అంటే ప్రాపర్టీ టాక్స్ బిల్లు పంపేవాళ్ళే కదండీ!" అన్నారు. అందరూ నవ్వారు.

నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. కొన్నేళ్ళ క్రితం మా నాన్నగారు ఇక్కడ ఉండగా ఒక అర్ధరాత్రి గుండెల్లో నొప్పి అన్నారు. 911కి ఫోన్ చేస్తే నిమిషాల్లో పారామెడిక్కులు వచ్చారు. మా హాల్లోనే ఈసీజీ తీసి, మందిచ్చి, అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆయన బతికి బయటపడ్డారు. ఈ ఏర్పాటు ఎలా వచ్చిందా అని ఆరా తీస్తే ఒక కౌంటీ రాజకీయ నాయకుడి పేరు తగిలింది. ఆయన కెనెత్ హాన్.

లాస్ ఏంజెలెస్ కౌంటీలో సుమారు కోటి మంది ఉంటారు. హాన్ కాలంలో సూపర్‌వైజర్లు అయిదుగురే. ఆసుపత్రులు, జైళ్ళు, ప్రజారోగ్యం, పార్కులు వాళ్ళ చేతుల్లోనే ఉండేవి. 1920లో పుట్టిన హాన్‌ది తండ్రి లేని కుటుంబం. తల్లే అందరినీ పెంచింది. ఆయన 1952లో సూపర్‌వైజరయ్యి, వరసగా పదిసార్లు గెలిచి, 1992 దాకా నలభై ఏళ్ళు పనిచేశారు. ఆయన తెల్లవాడు, గెలిపించినది ఎక్కువగా నల్లవాళ్ళుండే దక్షిణ లాస్ ఏంజెలెస్. కారణం లేకపోలేదు. 1961లో మార్టిన్ లూథర్ కింగ్ ఈ ఊరు వచ్చినప్పుడు తక్కిన నాయకులు మొహం చాటేస్తే, స్వాగతం పలకడానికి వెళ్ళింది ఆయనే.

ఫ్రీవే పక్కన కారు ఆగిపోతే ఫోన్ చేసుకోవడానికి కాల్ బాక్సులు పెట్టించింది కూడా ఆయనే, 1962లో. సెల్‌ఫోన్లు వచ్చాక వాటిలో చాలా తీసేశారు కానీ, తొంభైల్లో వచ్చిన మనవాళ్ళకి అవి గుర్తుండే ఉంటాయి.

ఇక పారామెడిక్కుల సంగతి. అప్పట్లో అంబులెన్సు అంటే పడుకోబెట్టి తీసుకెళ్ళే బండే. దారిలో ఇంజక్షన్ ఇవ్వాలంటే డాక్టరో, నర్సో ఉండాల్సిందే. కౌంటీ ఆసుపత్రి డాక్టర్లు ఫైర్ సిబ్బందికి శిక్షణ ఇస్తామన్నారు. చట్టం అడ్డొచ్చింది. హాన్ పట్టుబట్టి రాష్ట్ర ప్రభుత్వం దాకా వెళ్ళారు. 1970లో గవర్నర్ రీగన్ సంతకంతో చట్టం వచ్చింది. మన వైపు 108 బండ్లు మొదలైంది 2005లో అని తలుచుకుంటే, అది ఎంత ముందుచూపో తెలుస్తుంది.

అన్నీ నిలబడ్డాయని కాదు. 1965లో వాట్స్ అల్లర్ల తరవాత అక్కడ ఆసుపత్రి కావాలని ఆయన పోరాడగా, 1972లో మార్టిన్ లూథర్ కింగ్ పేరుతో అది తెరుచుకుంది. ఆయన పోయింది 1997లో. వైద్యంలో లోపాలు పెరిగి ఆ ఆసుపత్రి 2007లో మూతపడింది. మళ్ళీ కొత్తగా తెరవడానికి 2015 దాకా పట్టింది. కట్టించేవాడు ఒక్కడుంటే చాలదు, కనిపెట్టి చూసేవాళ్ళూ ఉండాలి.

ఆ కనిపెట్టి చూడటమే మనం చెయ్యాల్సింది. ఓటు లేని వీసా వాళ్ళం అని తప్పించుకోకండి. పన్ను కడుతున్నాం, 911కి ఫోన్ చేస్తున్నాం. సూపర్‌వైజర్ ఆఫీసుకి ఫోన్ చెయ్యడానికి సిటిజన్‌షిప్ అక్కర్లేదు. బోర్డు మీటింగుల్లో ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. పౌరసత్వం వచ్చినవాళ్ళయితే బ్యాలెట్ కాగితంలో ప్రెసిడెంటు దగ్గరే ఆగకుండా, కింద దాకా చదవండి.

వచ్చే పాట్‌లక్‌లో మళ్ళీ అదే ప్రశ్న అడుగుతాను. ఈసారి పేరు చెప్పలేనివాళ్ళు గిన్నెలు కడగాలి!