పేరుకే మట్టి: ఎపాక్సీతో పనిచేసే చేతులకు రక్షణ కావాలి

నీరు కారే గొట్టానికైనా, పగులిచ్చిన ప్లాస్టిక్ డ్రమ్ముకైనా చాలా ఇళ్లలో ముందు గుర్తొచ్చేది ‘ఎం-సీల్’. రెండు ముద్దలను సమానంగా తుంచి, రంగు ఒకటయ్యేదాకా పిసికి, పగులు మీద అదిమితే పని అయిపోతుంది. ఇదే కోవకు చెందిన ఎపాక్సీ మట్టిని ఇప్పుడు గోడ మీది శిల్పాలకు, విమానాలు, రైళ్ల నమూనాలకు, విరిగిన బొమ్మల మరమ్మతుకు కూడా వాడుతున్నారు. పిల్లల చేతిపనుల్లోకీ అది వస్తోంది. ఈ ఆసక్తి మంచిదే. కానీ పేరులో మట్టి ఉందని దాన్ని మట్టిలాగే ఒట్టి చేతులతో పిసకడం మంచిది కాదు.

మట్టి ఆరి గట్టిపడుతుంది. అందులోని నీరు ఆవిరైపోయినప్పుడు అది కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. ఎపాక్సీ ఆరదు, రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. ఒక ముద్దలో ఎపాక్సీ రెజిన్, మరో ముద్దలో గట్టిపరిచే రసాయనం ఉంటాయి. ఈ రెండో దానిలో సాధారణంగా అమైన్ల వంటి పదార్థాలు వాడతారు. ముద్దకు దళసరితనం ఇచ్చేందుకు టాల్క్ వంటి ఖనిజ పొడులు కలుపుతారు. రెజిన్ అణువు కొసల్లో రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్‌తో ఏర్పడిన ఇరుకైన వలయాలుంటాయి. అమైన్ తగలగానే ఆ వలయం తెరుచుకుని దానితో బంధం కట్టుకుంటుంది. అలా అణువులన్నీ ఒక వలలా అల్లుకుపోతాయి. ఈ చర్యలో నీరు బయటికి పోదు కాబట్టి కుంచించుకుపోవడం చాలా తక్కువ. వేడి మాత్రం పుడుతుంది.

గట్టిపరిచే ముద్ద కాస్త ఎక్కువ వేస్తే తొందరగా బిగుస్తుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. జత దొరకని అణువులు లోపలే మిగిలిపోయి అతుకు బలహీనమవుతుంది. చర్య వేగం పెంచేది వెచ్చదనమే. అందుకే జనవరిలో నింపాదిగా బిగిసే ముద్ద మే నెల ఎండల్లో త్వరగా రాయి అవుతుంది.

ఒకసారి అల్లుకున్న ఆ వల మళ్లీ కరగదు. దాని బలం అక్కడే ఉంది, ప్రమాదం కూడా అక్కడే ఉంది. గట్టిపడక ముందు రెజిన్, అమైన్లు చర్మంలోని ప్రొటీన్లతో కూడా కలవగలవు. కొందరిలో రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. మొదట్లో ఎన్నిసార్లు పిసికినా ఏమీ కాకపోవచ్చు. ఆ తర్వాత ఒకరోజు కొద్దిగా తగిలినా దురద, ఎర్రదనం, నీటి పొక్కులు వస్తాయి. వైద్యులు దీన్ని అలర్జిక్ కాంటాక్ట్ డెర్మటైటిస్ అంటారు. ఈ అలర్జీ ఒకసారి వస్తే తరచూ జీవితాంతం ఉంటుంది. “ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు” అనే ధీమా ఇక్కడ పనికిరాదు. పూర్తిగా గట్టిపడిన బొమ్మతో ఈ భయం బాగా తక్కువ. దాన్ని గరుకు కాగితంతో రుద్దినప్పుడు లేచే దుమ్ము మాత్రం ఊపిరితిత్తులకు మంచిది కాదు.

పాత వస్తువుల విషయంలోనూ ఇదే ఆలోచన అవసరం. కొండపల్లి కళాకారులు పొణికి చెక్క ముక్కలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ‘మక్కు’తో అతుకుతారు. అలాంటి బొమ్మ చెయ్యి విరిగినప్పుడు ఎపాక్సీ పెడితే అతుకు నిలుస్తుంది. కానీ రేపు ఎవరైనా దాన్ని విప్పి సరిగా బాగుచేయాలంటే పక్కనున్న మెత్తటి చెక్క కూడా ఊడివస్తుంది. వీలైనంతవరకు వెనక్కి తీయగలిగే మరమ్మతే చేయాలన్నది పురావస్తు సంరక్షకులు పాటించే నియమం. తాతల నాటి బొమ్మకూ అది వర్తించాలి. కుళాయి గొట్టానికి అక్కర్లేదు.

ఇందుకోసం ఎపాక్సీని మానేయాల్సిన పని లేదు. నైట్రైల్ చేతి తొడుగులు, గాలి ఆడే గది, రుద్దేటప్పుడు మాస్కు, తడి గరుకు కాగితం ఉంటే చాలావరకు సరిపోతుంది. చేతికి అంటితే వెంటనే సబ్బు నీళ్లతో కడగాలి, థిన్నర్‌తో కాదు. చేతిపనుల తరగతులు నడిపేవారు రంగులు, కుంచెలతోపాటు తొడుగులను కూడా సామగ్రి జాబితాలో చేర్చాలి. చిన్న పిల్లలకు మామూలు బంకమన్నే ఇవ్వాలి. తయారీదారులు జాగ్రత్తలను తెలుగుతో సహా వాడేవారి భాషల్లో, చదవగలిగే అక్షరాల్లో ముద్రించాలి. ఒక జత తొడుగులకయ్యే ఖర్చు తక్కువే. ఒకసారి వచ్చిన అలర్జీని వదిలించుకోవడం మాత్రం ఎంత ఖర్చుపెట్టినా కష్టమే.