తాత తుపాకీ ఎవరి వారసత్వం?

తాతగారి పాత మిలిటరీ తుపాకీని గోడ మీంచి దించి వేటకు పోతామనే బౌద్ధ యువకులను చూసి మేము మౌనంగా ఉండలేము. అది తమ వంశ వీరత్వానికి గుర్తట! సరే, దాని మీది గుర్తులే చదువుదాం. ట్రిగ్గరు వెనక, కర్ర బట్టు మొదలయ్యే చోట ఇనుము మీద కిరీటం, జి.ఆర్.ఐ., ఇషాపూర్, ఒక సంవత్సరం ఉంటే అది లీ-ఎన్‌ఫీల్డ్ .303. జి.ఆర్.ఐ. అంటే చక్రవర్తి జార్జి. అక్కడ మన తాతల పేరు లేదు. ఆ కిరీటం మనవాళ్లను ఎలా చూసింది? యుద్ధానికి మనుషులు చాలక 1917లో 111వ మహార్ పటాలం కట్టింది, అవసరం తీరాక 1921లో రద్దు చేసింది.

.303 నిషిద్ధ బోరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం వేట నేరం. పంట తినే అడవి పందికైనా అటవీ అధికారుల అనుమతి కావాలి. అయితే మాకు చట్టం కన్నా ముందు పంచశీల ఉంది. ప్రాణిహింస మానడమే అందులో మొదటి శీలం. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో సకల ప్రాణులపై కరుణ ఒకటి.

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద అశోకుని శాసనాలున్నాయి. పూర్వపు రాజులు వేటతో విహారయాత్రలు చేసేవారని, తాను ధర్మయాత్రకు మళ్లానని ఆయన వాటిలో చెప్పుకున్నాడు. వేట రాజుల, దొరల వినోదం. వాళ్ల కోసం వెట్టికి పొదలు కొట్టి మృగాలను తోలింది మన పెద్దలే. ఇప్పుడు ఆ దొర వేషం మనమే కట్టాలా?

లైసెన్సు లేని తుపాకీని పోలీసు స్టేషనులో అప్పగించండి. గోడ మీద తాత ఫొటో ఉంచండి, చాలు.