ముక్కుతో చూడవలసిన రుచి



విదేశములకేగిన బిడ్డలు సెలవులకు ఇల్లు చేరునపుడు, వారి పెట్టెలలో స్కాట్లండు విస్కీసీసా యొకటి యుండుట నేడు విజయనగరమందును శ్రీకాకుళమందును వింత గాదు. దానిని జూచి మగవారు మురియుదురు; మనము మొగము త్రిప్పుకొందుము. మేము మద్యము ముట్టము, ముట్టుడని చెప్పబోము. అయినను ఇంటిలోనికి వచ్చిన వస్తువుయొక్క గుణమెరుగకుండుట గృహిణికి తగదు. కావున ఈ మాసము పొగవాసనగల పాతవిస్కీని గూర్చి ముచ్చటింతుము.

సింగిల్ మాల్ట్ అనగా మొలకెత్తించిన యవలతో మాత్రమే, ఒక్కచోటనే కాచిన విస్కీ. మనము చోళ్లను నానబెట్టి, మూటగట్టి మొలకెత్తించినట్లే వారును యవలను మొలకెత్తింతురు. మనకు ఎండ కలదు. వారికి అది చాలదు. కావున మొలకలను సెగపై ఆర్తురు. స్కాట్లండు పడమటిదిక్కున నున్న ఐలా ద్వీపమున చెట్లు తక్కువ. అచట చిత్తడినేలలలో వేలయేండ్లుగా నాచును గడ్డియు పూర్తిగా కుళ్లక పేరుకొని మట్టియైనది. దానిని పెళ్లలుగా గోసి, యెండబెట్టి కాల్చుదురు. అదియే పీట్. ఆ పొగ తడిగింజను బట్టుకొని, కాచినను పోదు. దానిలో కొందరికి ఆసుపత్రిమందు, కొందరికి సముద్రపునాచు తోచునట. మనవారికి తంపటివేసిన తేగయు, భోగిమంట మరునాటి బూడిదయు, కళింగపట్నపు రేవుగాలియు జ్ఞప్తికి రావచ్చును.

బట్టీనుండి దిగిన ద్రవము నీటివలె తెల్లగా నుండును. ఓకుకొయ్య పీపాలలో కనీసము 3 సంవత్సరములుండినగాని దానిని స్కాచ్ విస్కీ యనరాదని చట్టము. రంగును, తేనెవంటి పరిమళమును చాలవరకు ఆ కొయ్య యిచ్చినవే. సీసాపై 16 అని యున్నచో, అందు గలిపినవానిలో నెల్ల చిన్నదానికి 16 యేండ్లని యర్థము. ఏండ్లు గడచినకొలది సాధారణముగా పొగ మెత్తబడి వెనుకకు తగ్గును. పండువాసన, కొయ్యవాసన ముందుకు వచ్చును. పీపాలోనిది అచట ఏటేట నూటికి సుమారు 2 పాళ్లు ఆవిరియై పోవును. దానిని వారు దేవదూతల వంతందురు. 2004లో గ్లాస్గోనగరమున తన సింగిల్ మాల్టును వెలువరించిన బెంగుళూరి అమృత్ సంస్థవారి పీపాలలో, అచటి వేడిమికి, ఈ నష్టము 10 పాళ్లకు మించును, పక్వమగుటయు శీఘ్రమే. పాతదనమనగా ఏండ్ల లెక్క మాత్రమే కాదన్నమాట. మరియొకటి: సీసాలో బోసిన పిమ్మట విస్కీకి వయస్సు పెరుగదు. బీరువాలో పదియేండ్లు దాచినను అది మరింత పాతది కాదు.

ఇక రుచి చూచు విధము. మూతి యిరుకైన చిన్నగ్లాసులో కొంచెము పోసి, నోరు కొద్దిగా తెరచి, మెల్లగా వాసన చూతురు. కొన్ని నీటిబొట్లు వేసినచో అణగియున్న పరిమళములు పైకి వచ్చును. విస్కీలను గలుపు నిపుణులు దినమునకెన్నో నమూనాలను పరీక్షింపవలెను గనుక, వానిని నీటితో పలుచనచేసి ప్రధానముగా ముక్కుతోనే తీర్పు చెప్పుదురు. త్రాగుచు పోయినచో తీర్పు నిలుచునా? కావున ఇందలి విద్య యంతయు మత్తునకు ఇవతలనే యున్నది.

ఈ విద్య మగవారి సొత్తు గాదు. బెస్సీ విలియమ్సన్ అను వనిత 1934లో వేసవిపనికై ఐలాలోని లఫ్రోయిగ్ కార్యాలయమున చేరి, 1954లో యజమాని మరణించిన పిమ్మట ఆ బట్టీకి అధికారిణియై, 1972 వరకు అందుండెను.

మన తెలుగువనితలకు మద్యమనగా వేరొక చరిత్ర కలదు. 1992లో నెల్లూరుమండలమున దూబగుంట స్త్రీలు రేపిన సారావ్యతిరేకోద్యమము రాష్ట్రమంతయు వ్యాపించెను. 1993లో సారా నిషేధింపబడెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలెను. కూలిడబ్బు మ్రింగిన సారాకును, వేలరూపాయల సీసాకును వాసనలో భేదము కలదు గాని, మత్తులో లేదు. ఈ సీసాలోను నూటికి 40 పాళ్లకు తక్కువ గాకుండ ఆల్కహాలుండును. యుక్తితో సేవించిన మద్యమమృతతుల్యమనియు, మితిమీరిన విషమనియు చరకసంహిత చెప్పుచున్నది. నేటి వైద్యులింకను కఠినులు. ఎంత కొలతయైనను నిరపాయమని చెప్పజాలమని ప్రపంచారోగ్యసంస్థ 2023లో ప్రకటించెను.

కావున సోదరీమణులారా, సీసా యింటికి వచ్చినచో అలిగి ఊరకుండకుడు. పరిమళమును గూర్చి మీరును మాటలాడుడు. గ్లాసులు, సోడాలు పిల్లలచేత మోయింపకుడు. త్రాగినవానిచేతికి బండి తాళమీయకుడు. రెండవగ్లాసు కోరువానిని, మొదటిదానిలో ఏయే వాసనలు తోచినవో చెప్పుమని యడుగుడు. చెప్పలేనిచో అతడు కోరునది రుచి గాదని అతనికే తెలియును.