గాడిద చాకిరీకో భాష

పత్తికొండ రైతు ఒకాయన ఆదోని మార్కెట్ యార్డులో పత్తి అమ్మాడనుకుందాం. కాటా అయింది, ధర కుదిరింది. కాసేపటికి జేబులో ఫోను ‘టింగ్’మంది. పేరు, తూకం, క్వింటాలు ధర, ఖాతాలో పడిన సొమ్ము... అన్నీ ఒకే ఎస్సెమ్మెస్‌లో! కాటా లెక్క ఒక కంప్యూటర్లో ఉంటుంది, బ్యాంకు ఖాతా మరోదాంట్లో. ఒకదాని మాట ఒకదానికి తెలీదు. మరి ఈ ముక్కలన్నీ ఏరి ఒకచోట పేర్చిందెవరు?

ఇలాంటి మధ్యవర్తి పని చేసేవే ఇంటిగ్రేషన్ సాఫ్ట్‌వేర్లు. వాటిలో ఒకదాని పేరు మ్యూల్... అంటే కంచరగాడిద! సాఫ్ట్‌వేర్లను కలపడంలో ఉండే గాడిద చాకిరీని దృష్టిలో పెట్టుకుని రాస్ మేసన్ పెట్టిన పేరది. 2006లో మొదలైన మ్యూల్‌సాఫ్ట్ కంపెనీని 2018లో సేల్స్‌ఫోర్స్ సుమారు 650 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. హైదరాబాద్ అమీర్‌పేటలో ఇప్పుడదీ ఓ కోర్సే.

ఇందులో నడిచే ప్రతి సందేశాన్నీ ఓ బండి అనుకోండి. బండిలోని సరుకు ‘పేలోడ్’. పక్కన చీటీ మీద రాసుకున్న వివరాలు ‘వేరియబుల్స్’. కావాల్సినదాన్ని అడిగి తెచ్చుకోవడానికి ‘డేటావీవ్’ అనే భాష ఉంది. #[పేలోడ్.ధర] అని రాస్తే (ఇంగ్లిష్ అక్షరాల్లోనే లెండి) సరుకులోంచి ధర వస్తుంది. #[వార్స్.ధర] అంటే చీటీలోంచి వస్తుంది. అంతే!

కొత్తవాళ్లు బోల్తా పడేదీ ఇక్కడే. బ్యాంకుని ‘సొమ్ము జమ చెయ్’ అని అడిగి జవాబు తెచ్చుకోగానే, మామూలుగా బండిలోని పాత సరుకు దిగిపోయి ఆ జవాబు ఎక్కి కూర్చుంటుంది. అప్పుడు పేలోడ్‌లో ధర వెతికితే దొరికేది ‘నల్’... అంటే ఏమీ లేదని. రైతుకు వెళ్లే సందేశంలో ధర ఉండాల్సినచోట ఖాళీ! లేదా సందేశమే మధ్యలో ఆగిపోతుంది. తరుగు ఎంత తీశారో, చేతికి ఎంత రావాలో ఇంటికెళ్లి లెక్క చూసుకోవడానికి ఆ అంకే కదా ఆధారం. కాబట్టి బ్యాంకు గడప తొక్కకముందే ధరని చీటీలో రాసిపెట్టుకోవాలి. తిరిగి అడిగేటప్పుడు పేరులో చిన్న అక్షరం బదులు పెద్ద అక్షరం పడినా మళ్లీ నల్లే.

మ్యూల్ మూడో తరంలో ఈ చీటీని ‘ఫ్లోవార్స్’ అనేవారు. నాలుగో తరానికి ‘వార్స్’ అయింది. పాత ప్రోగ్రాముల్ని మార్చేవాళ్లకి అదో చాకిరీ. 2007లో వచ్చిన అపాచీ క్యామెల్‌దీ (ఇది ఒంటె!) దాదాపు ఇదే పద్ధతి. కాకపోతే హ్యాష్ బదులు డాలర్ గుర్తు, చదరపు బ్రాకెట్ల బదులు మీసాల బ్రాకెట్లు.

ఇంకో సంగతి. మ్యూల్‌లో ఈ చీటీ యార్డు గేటు దాటదు. సందేశం క్యూలోకి వెళ్లి మరో సర్వరుకు చేరితే వేరియబుల్స్ ఇవతలే ఉండిపోతాయి. అవతల ధర కావాలంటే దాన్ని సరుకుతోపాటే బండెక్కించాలి.