మెషీన్ మనది, తాళంచెవి కంపెనీది!

మా సొంతూరు మణుగూరు. బాబాయికి అక్కడ లేత్ షాపు ఉంది. ఈ మధ్య అప్పు చేసి, హైదరాబాద్ నుంచి సెకండ్ హ్యాండ్ వీఎంసీ తెచ్చుకున్నాడు. వీఎంసీ అంటే ప్రోగ్రామ్ ఇస్తే దాని ప్రకారం లోహాన్ని చెక్కే మిల్లింగ్ మెషీన్. మనం వాడే ఎన్నో ఫోన్ల అల్యూమినియం ఫ్రేములు తయారయ్యేది ఇలాంటి సీఎన్‌సీ మెషీన్ల మీదే.

దసరా సెలవుల్లో ఇంటికెళ్తే బాబాయ్ ఒక పని అప్పజెప్పాడు. ఫ్లాంజ్‌కి చుట్టూ 12 రంధ్రాలు వేయాలి. సులువే అనుకుని చిన్న మాక్రో రాశా. వ్యాసం, రంధ్రాల సంఖ్య ఇస్తే చాలు, 30 డిగ్రీలకొకటి చొప్పున అదే లెక్కేసుకుంటుంది. స్టార్ట్ నొక్కగానే అలారం! కారణం, ఆ కంట్రోల్‌లో మాక్రో ఆప్షన్ ఆన్‌లో లేదు. అమ్మినాయన మాత్రం "అన్నీ ఉన్నాయి" అనే చెప్పాడట.

మాక్రో అంటే ఏంటో తెలుసా? వేరియబుల్స్, ఐఫ్ కండిషన్, వైల్ లూప్. బీటెక్ మొదటి ఏడాదిలో మనం నేర్చుకునేవే! వాటికి విడిగా రేటు. ఆన్ చేయడానికి కొత్త పార్ట్ ఏదీ బిగించక్కర్లేదు, డబ్బు కట్టి కోడ్ తెచ్చుకోవాలి అంతే. "ఏంరా, మెషీన్ నాదే కదా?" అన్నాడు బాబాయ్. నా దగ్గర జవాబు లేదు.

ఇది ఒక్క బ్రాండ్ కథ కాదు. సీమెన్స్ సినుమెరిక్‌లో ఆప్షన్లకు లైసెన్స్ కీ కావాలి. ఫానక్ 0 సిరీస్ లాంటి పాత కంట్రోళ్లలో ఆప్షన్లు 900 నంబర్ పారామీటర్లలో ఉంటాయి. వాటిని కాపాడేది ఒక బ్యాటరీ. అది అయిపోతే పారామీటర్లు మొత్తం ఎగిరిపోతాయి. బ్యాకప్ లేకపోతే, కొన్న ఆప్షన్ కూడా పోయినట్టే!

కంపెనీల వైపు న్యాయం లేదని అనను. సాఫ్ట్‌వేర్ రాసేవాడిగా, కోడ్‌కి ధర ఉండాలనే నేనూ అంటాను. ఫోర్త్ యాక్సిస్, ప్రోబ్ లాంటి వాటికి హార్డ్‌వేర్ కూడా కావాలి, రేటు పెట్టడం సబబే. అక్కర్లేని వాళ్లకు బేస్ మోడల్ తక్కువకు వస్తుంది. హాస్ కంపెనీ అయితే కొన్ని ఆప్షన్లను 200 గంటలు ట్రయల్‌గా వాడుకోనిస్తుంది. ఇది మంచి పద్ధతి.

నా అభ్యంతరం తాళం మీద కాదు, దాచిపెట్టడం మీద. ఏది ఆన్‌లో ఉంది, ఏది లేదు, దేనికెంత అన్నది కొనేముందే కాగితం మీద ఉండాలి. ఒకసారి కొన్న ఆప్షన్ ఆ మెషీన్‌తోనే ఉండాలి, ఓనర్ మారినా సరే. నెలనెలా అద్దె మాత్రం అస్సలు వద్దు. 2022లో బీఎండబ్ల్యూ కొన్ని దేశాల్లో హీటెడ్ సీట్లకు సబ్‌స్క్రిప్షన్ పెట్టి, జనం తిట్టాక 2023లో వెనక్కి తగ్గింది. అదే ఏడాది మన కేంద్ర ఐటీ శాఖ కూడా, ఫోన్లలో ఉన్న ఎఫ్ఎం రేడియోను డిసేబుల్ చేయొద్దని కంపెనీలకు సూచించింది. అడిగితేనే కదా కదలిక వచ్చేది.

మీ ఇంట్లో ఎవరైనా సెకండ్ హ్యాండ్ వీఎంసీ కొనబోతుంటే మూడు పనులు చేయించండి. ఆప్షన్ల లిస్టు రాతపూర్వకంగా తీసుకోండి. డబ్బు ఇచ్చేముందే మాక్రో, రిజిడ్ ట్యాపింగ్ రన్ చేసి చూడండి. తెచ్చిన రోజే పారామీటర్ల బ్యాకప్ తీసి రెండు చోట్ల దాచండి.

బాబాయ్ పని చివరికి ఎలా అయిందంటారా? నా ల్యాప్‌టాప్‌లో పైథాన్‌తో 12 పాయింట్లు లెక్కేసి, మామూలు ప్రోగ్రామ్‌గా మార్చి ఇచ్చా. రంధ్రాలు బాగానే పడ్డాయి. కాకపోతే ఫ్లాంజ్ సైజు మారినప్పుడల్లా నాకు ఫోన్ వస్తోంది. లక్షలు పోసి కొన్న కంప్యూటర్ ముందు నిలబడి, లెక్క కోసం ఇంకో కంప్యూటర్‌ని అడగాల్సి రావడం ఏం న్యాయం చెప్పండి?