మన మాటే మన దస్తావేజు

నూజివీడు మామిడి సీమలో ప్రతి తోటకూ ఒక లెక్క ఉంటుంది. ఎన్ని ఎకరాలు, బంగినపల్లి చెట్లెన్ని, కలెక్టరు చెట్లెన్ని, కౌలుదారు ఎవరు, నున్న మార్కెట్టుకు ఎన్ని లారీలు తోలారు అన్నది ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది. అదే సీమలోని జి. కొండూరు నుంచి, మన మస్జిదుల చుట్టూ ఉన్న వీధుల నుంచి, కువైట్ వెళ్లినవారెందరు, అక్కడ ఏ పని చేశారు, ఏమి తెచ్చుకున్నారు, ఏమి పోగొట్టుకున్నారు అని అడిగితే చూపడానికి ఒక్క కాగితం లేదు. చెట్టున కాసిన కాయకు లెక్క ఉంది. ఆ కాయ కోసి, కోత ముగిశాక పని దొరకక ఎడారి దేశానికి వెళ్లిన మనిషికి లెక్క లేదు. మొదట వెళ్లిన తరం ఇప్పుడు అరవైలు, డెబ్బైలలో ఉంది. వారి మాటను వారు ఉండగానే రాసిపెట్టుకోవాలన్నదే మా వాదన.

మేము ప్రభుత్వ కచేరీలో గుమాస్తాగా దస్త్రాల మధ్య జీవితం గడిపినవాళ్లం. కచేరీలో నేర్చినది ఒక్కటే: దస్త్రంలో లేని మనిషికి కష్టం ఉండదు, నష్టం ఉండదు, హక్కు అసలే ఉండదు. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చేదాకా ముస్లింల వెనుకబాటు గురించి మనం చెప్పినదంతా ఫిర్యాదుగానే మిగిలింది. అంకెలు అచ్చయిన తరువాత అదే మాట సాక్ష్యమైంది. మన రాష్ట్రంలో 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చినప్పుడు కూడా, ఏ వర్గం ఏ పని చేసుకుని బతుకుతోందన్న పరిశీలనే దానికి ఆధారంగా నిలిచింది. గల్ఫ్ వలస విషయంలో అటువంటి ఆధారం మన చేతిలో లేదు.

కువైట్ నగరం తన కథను తాను బాగానే చెప్పుకుంటుంది. 1938లో బుర్గాన్‌లో చమురు బయటపడింది. 1946లో ఎగుమతి మొదలైంది. 1950ల ఆరంభంలో ఆంగ్లేయ నిపుణులు కొత్త నగరానికి నమూనా గీశారు. 1957లో పాత మట్టిగోడ కూల్చి, నగరం ఎడారిలోకి విస్తరించింది. 1961లో సొంత దినారు వచ్చేవరకు అక్కడి బజారులో చెల్లినది మన రూపాయే. 1959లో భారత రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమే ప్రత్యేకంగా నోట్లు అచ్చువేసింది. ఇవన్నీ గ్రంథాలలో ఉన్నాయి. అయితే ఆ దేశ జనాభాలో మూడింట రెండు వంతులు విదేశీయులు. వారిలో భారతీయులే సుమారు పది లక్షలు. ఇంత మంది సిమెంటు మోసి, కార్లు తోలి, వంట చేసి, పిల్లలను పెంచి నిలబెట్టిన నగరం గురించి ఆ మోసినవారి మాట ఎక్కడ ఉంది?

ఆ మాట మన వీధుల్లో ఉంది. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల మాదిరిగా ఇక్కడ ఊళ్లకు ఊళ్లు కదలలేదు. అయినా పదవీ విరమణ తరువాత పింఛను దరఖాస్తులు, పాస్‌పోర్టు కాగితాలు రాసిపెడుతూ మేము విన్న జీవితాలు తక్కువేమీ కావు. ఖాదిం వీసా మీద డ్రైవరుగా వెళ్లి, పగలు బండి, రాత్రి ఇంటిపని చేసిన వ్యక్తి ఉన్నాడు. షూన్ వీసా అని నమ్మించి ఏజెంటు ఎక్కించిన విమానం దిగి, గొర్రెల మందకు కాపలా ఉన్న వ్యక్తి ఉన్నాడు. అకామా గడువు తీరి 'ఖల్లివల్లి' అయి, బతాకా లేక, పోలీసు బండి కనబడితే సందులు మారుతూ ఏళ్లు గడిపినవాడున్నాడు. శుక్రవారం మాలియాలో కలుసుకుని ఊరి కబుర్లు చెప్పుకోవడమే తమకు పండుగ అన్నవారు ఎందరో. జిలీబ్‌లో ఒకే గదిలో ఎన్ని మంచాలు, ఎన్ని పొయ్యిలు, స్నానానికి ఎవరి వంతు ఎప్పుడు అన్నది వారు ఇప్పటికీ తడుముకోకుండా చెబుతారు. ఏ పటంలోనూ లేని కువైట్ అది.

నోటి మాటకు విలువేమిటని అడిగేవారు 1990ని గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. బతుకంతా అక్కడే వదిలి, బస్సుల మీద అమ్మాన్ చేరిన మనవారిని ఎయిర్ ఇండియా విమానాలు వెనక్కు తెచ్చాయి; వారి సంఖ్య లక్షా డెబ్బై వేలు దాటింది. తరువాత ఐక్యరాజ్య సమితి 1991లో పరిహార కమిషన్‌ను ఏర్పాటు చేసింది. ప్రాణభయంతో దేశం విడిచిన ఒక్కొక్కరికి కనీసం 2,500 డాలర్ల చొప్పున ఇచ్చేందుకు నియమం పెట్టింది. ప్రభుత్వాల ద్వారా, గడువులోగా, కువైట్ విడిచి వచ్చినట్టు చిన్న ఆధారంతో అర్జీ పెట్టినవారికి సొమ్ము అందింది. మా ఎరుకలో కలిసి వచ్చిన అన్నదమ్ములలో ఒకరు అర్జీ పెట్టి పరిహారం పొందారు. రెండవ ఆయనకు ఆ సంగతి గడువు దాటిన తరువాత తెలిసింది. ఇద్దరూ పడిన కష్టం ఒక్కటే. తేడా కాగితంలో ఉంది. నోటి మాట సకాలంలో కాగితమైతే దాని విలువ ఎంతో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ప్రభుత్వం దగ్గర ఈ-మైగ్రేట్ లెక్క ఉంది కదా అంటారు. 1983 వలస చట్టం కింద ఆ లెక్కలోకి ప్రధానంగా వచ్చేది ఎమిగ్రేషన్ అనుమతి అవసరమైన పాస్‌పోర్టులవారే. పదో తరగతి పాసైన యువకుడికి ఆ అనుమతి అక్కరలేదు కనుక అతడు లెక్కకు దొరకడు. విజిట్ వీసాపై వెళ్లి అక్కడే పనికి కుదిరినవాడు దొరకడు. ముప్పై ఏళ్లు నిండని స్త్రీని ఇంటిపనికి పంపరాదన్న నిబంధన ఉన్నందున, ఏజెంటు వయసు మార్చి పంపిన ఆడబిడ్డ తన సొంత పుట్టిన తేదీతో ఎక్కడా దొరకదు. అటువంటివారు అక్కడ మరణిస్తే, జీతం ఎగ్గొట్టబడితే, ఆ కుటుంబం ముందుగా రుజువు చేయవలసింది తమ మనిషి అక్కడ ఉన్నాడనే!

ఇక మనలో మనం మాట్లాడుకోవలసిన సంగతి ఒకటి ఉంది. సంబంధాలు చూసేటప్పుడు 'గల్ఫ్ ఇల్లు' అని గొప్పగా చెప్పుకునే మనం, ఆ ఇంటి పునాదిలో ఉన్న ఖాలా పదిహేనేళ్లు ఎవరి వంటింట్లో గిన్నెలు తోమిందో చెప్పుకోము. ఆమె జీతంతో చెల్లెళ్ల నిఖాలు జరుగుతాయి. ఆమె పని పేరు మాత్రం దావత్‌లో ఎవరూ ఎత్తరు. ఇంటి గౌరవం పోతుందని అడ్డుపడే పెద్దలకు మా ప్రశ్న ఇది: హలాల్ జీతంలో అగౌరవం ఎక్కడుంది? అగౌరవం ఉంటే అది పాస్‌పోర్టు లాక్కున్నవారికి, నెలల తరబడి జీతం ఆపినవారికి చెందాలి. 2015లో కువైట్ ఇంటిపనివారి కోసం 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని ఉండరాదని, వారానికి ఒక సెలవు ఇవ్వాలని, పని ముగిసి వెళ్లేటప్పుడు ఏడాదికి నెల జీతం చొప్పున చెల్లించాలని అందులో ఉంది. ఆ తరువాత తిరిగివచ్చినవారిలో మేము మాట్లాడిన ఏ స్త్రీ కూడా అక్కడ ఉండగా ఆ చట్టం పేరు వినలేదు. ఆమె చెప్పుకోలేని చోట ఆమె హక్కు ఎలా నిలుస్తుంది?

ముస్లిం దేశం కదా, మనవారిని సోదరులుగా చూసి ఉంటారు అన్న భ్రమ కూడా ఈ మౌనానికి ఒక కారణం. ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నమాజు చేసి, ఇంటికి వచ్చాక పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసిన కఫీల్ గురించి మనవారు చెబుతారు. జ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చున్న కఫీల్ తల్లి గురించి కూడా వారే చెబుతారు. రెండూ నిజాలే, రెండూ రాయాలి. కలిమా పేరుతో ఒకదాన్ని దాచితే అది ధర్మం కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని చెప్పే ఆయతే ఖురాన్‌లో అన్నిటికంటే పెద్దదని మన పిల్లలకు మదర్సాలో నేర్పుతున్నాం. కూలివాడికి రావలసిన జీతం అప్పు కాదా?

బయట నుంచి వచ్చే మాట ఇంకొకటి. మన వీధిలో ఒక డాబా లేచినా, మస్జిదుకు కొత్త మీనారు కట్టినా 'గల్ఫ్ డబ్బు' అని అనుమానపు చూపు చూసేవారు పెరిగారు. ఆ చూపుకు కోపంతో ఇచ్చే జవాబు నిలవదు. ఆ డబ్బు నెలకు ఎన్ని దినార్లుగా, ఎన్ని గంటల పనికి, ఎన్నేళ్లు పిల్లల ముఖం చూడకుండా వచ్చిందో సంపాదించినవారి నోటి మాటగా మన దగ్గర ఉంటే అదే జవాబు. అదే కువైట్‌లో అదే పని చేసిన హిందూ, క్రైస్తవ కుటుంబాల మాట కూడా దాని పక్కన చేరితే, ఆ డబ్బుకు మతం లేదని, దానికి ఉన్నది చెమట వాసనేనని తెలుస్తుంది. అందుకే ఈ పని మనతో మొదలై మనతోనే ఆగిపోరాదు.

పొరుగు రాష్ట్రాలను చూద్దాం. కేరళ 1996లోనే ప్రవాసుల కోసం ప్రత్యేక శాఖ పెట్టుకుంది. 1998 నుంచి తిరువనంతపురంలోని అభివృద్ధి అధ్యయన కేంద్రం వలస సర్వేలు చేస్తూ వచ్చింది. ప్రవాసుల సంక్షేమానికి 2008లో చట్టమే వచ్చింది. తెలంగాణ 2024లో గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సహాయం ప్రకటించింది. అక్కడి కుటుంబాలు ఏళ్లపాటు వీధికెక్కి తమ కథ చెప్పినందువల్ల వచ్చిన ఫలితం అది. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికుల భవనం తగలబడి 40 మందికి పైగా భారతీయులు చనిపోయినప్పుడు దేశమంతా కదిలింది. అటువంటి భవనాలలోనే పదేళ్లు, ఇరవై ఏళ్లు నిద్రించి బతికి వచ్చినవారు మన పక్కింట్లో ఉన్నారు. చనిపోతే తప్ప మన మనిషి వార్త కాకూడదా?

కాబట్టి ప్రతి జమాత్ కమిటీ ముందు మేము కొన్ని పనులు పెడుతున్నాం. ప్రతి మహల్లాలో డిగ్రీ చదువుతున్న ఇద్దరు పిల్లలను ఎంచుకుని, తిరిగివచ్చినవారి మాటను సెల్‌ఫోన్‌లో రికార్డు చేయించాలి. స్త్రీల మాట స్త్రీలే వినాలి. ఇంటి మగవారు పక్కన కూర్చోరాదు. వెళ్లిన సంవత్సరం, వీసా రకం, ఏజెంటుకు కట్టిన సొమ్ము, ఒప్పుకున్న జీతం, అందిన జీతం, తిరిగివచ్చిన కారణం తప్పక అడగాలి. పాత బతాకా, పాస్‌పోర్టు, డబ్బు పంపిన రసీదు, ఉత్తరాలు ఉంటే ఫోటో తీసి, అసలు కాగితం వారికే ఇచ్చేయాలి. పేరు వద్దన్నవారి పేరు రాయరాదు. ఒక ప్రతి మస్జిద్ కమిటీ వద్ద, ఒక ప్రతి ఇంకొక ఊరిలో భద్రపరచాలి.

ఆ తరువాత జిల్లా యంత్రాంగాన్ని అడుగుదాం. ప్రతి గ్రామ సచివాలయంలో వలసవెళ్లినవారి రిజిస్టరు పెట్టాలి. వయసు మళ్లి తిరిగివచ్చినవారికి పింఛను కావాలి. జీతం బకాయిలున్నవారికి న్యాయ సహాయం కావాలి. అప్పుడు అధికారి 'మీ దగ్గర ఆధారమేముంది?' అని అడుగుతాడు. ఎందుకంటే అధికారి అడగవలసిన ప్రశ్న అదే. దస్త్రాల మధ్య బతికిన మాకు ఆ సంగతి తెలుసు. ఆ రోజు మన అర్జీకి జతగా మన పెద్దల, మన ఆడబిడ్డల వాఙ్మూలాలు వందల సంఖ్యలో ఆ బల్ల మీద ఉండాలి.